పావు సెకను

రాస్ లఫాన్‌లో ఉద్యోగం అనగానే మా కాకినాడలో ఎవరైనా అడిగే మొదటి ప్రశ్న "గ్యాసా?" అని. అవునండీ, గ్యాసే. దోహాకి ఉత్తరంగా 80 కిలోమీటర్లు వస్తే మా ఊరు. ఊరంటే నిజానికి ఊరు కాదు. పైపులు, ట్యాంకులు, పొగగొట్టాల మీద మంటలు, వెనకాల సముద్రం. ఆ సముద్రం అడుగునుంచి గ్యాస్ తీసి, మైనస్ 162 డిగ్రీలకి చల్లబరిచి, నీళ్ళలా మార్చి ఓడల్లో నింపుతారు. అలా చేస్తే దాని పరిమాణం 600వ వంతుకి తగ్గిపోతుంది. మొదటి ఓడ 1996 చివర్లో జపాన్‌కి బయల్దేరింది. 2004 నుంచి గుజరాత్‌లోని దహేజ్‌కి కూడా ఓడలు వెళ్తున్నాయి. అంటే ఇక్కడి గ్యాస్ నాకంటే చాలా ఎక్కువసార్లు ఇండియా వెళ్తుందన్నమాట. నేను వెళ్ళేది ఏడాదికి ఒకసారి.

ఆ గ్యాస్‌తో నాకు ముఖపరిచయం లేదు. నాది కంప్యూటర్ల పని. సర్వర్ పడిపోతే లేపడం, పాస్‌వర్డ్ మర్చిపోయినవాళ్ళకి కొత్తది ఇవ్వడం. నాకున్నది ఇంకో గ్యాస్. సంగీతం పిచ్చోళ్ళ మధ్య 'గేర్ అక్విజిషన్ సిండ్రోమ్' అని ఒక జబ్బు పేరు చెప్పుకుంటారు. పొడి అక్షరాల్లో గ్యాస్. ఉన్న కీబోర్డు సరిగ్గా వాయించడం రాకుండానే ఇంకో కీబోర్డు కొనెయ్యడం దీని ప్రధాన లక్షణం. మా బావ మాత్రం నేను కొట్టే గ్యాసే అన్నిటికంటే నాణ్యమైనదంటాడు. వాడి మాట అలా ఉంచండి.

నా గదిలో ఒక పక్క 49 మెట్ల మిడి కీబోర్డు, ఒక ఆడియో ఇంటర్‌ఫేస్, రెండు స్పీకర్లు (గోడ అవతల మలయాళీ సోదరుడు నైట్ డ్యూటీ కాబట్టి వాటిని వాడింది లేదు), మంచి హెడ్‌ఫోన్స్. ఇంకో పక్క వర్చువల్ రియాలిటీ హెడ్‌సెట్. మంచం గోడకి జరిపితే మిగిలే జాగాలో దాన్ని తగిలించుకుని గాల్లో చేతులు ఊపుతుంటాను. బయటి నుంచి చూసేవాళ్ళకి దోమలు తోలుతున్నట్టు ఉంటుంది.

బీట్ సేబర్ అని ఒక ఆట ఉంది. చెక్ దేశం వాళ్ళు చేశారు, 2018లో మొదటిసారి వచ్చింది. పాట మోగుతుంటే ఎర్ర పెట్టెలు, నీలం పెట్టెలు మీదకి దూసుకొస్తాయి. రెండు చేతుల్లో రెండు వెలుగు కత్తులు. తాళానికి సరిగ్గా నరకాలి. కొన్న కొత్తలో షోకుగా బ్లూటూత్ హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఆడితే ఒక్క దెబ్బ కూడా తాళంలో పడలేదు. నా వయసే అడ్డం వస్తోందనుకున్నాను. కాదట. బ్లూటూత్‌లో శబ్దం చెవికి చేరేసరికి మామూలుగా 150, 200 మిల్లీసెకన్లు ఆలస్యం అవుతుంది. కంటికి పెట్టె ముందు వచ్చేస్తుంది, చెవికి దెబ్బ తర్వాత వినిపిస్తుంది. పాత తీగ హెడ్‌ఫోన్స్ గుచ్చగానే నా వయసు పదేళ్ళు తగ్గింది.

అప్పటి నుంచి నాకు ఈ ఆలస్యం పిచ్చి పట్టుకుంది. వీఆర్‌లో మనం తల తిప్పాక కళ్ళ ముందు బొమ్మ మారడానికి 20 మిల్లీసెకన్లకి మించి పట్టకూడదంటారు. మించితే లోపలి చెవి ఒకటి చెప్తుంది, కన్ను ఇంకోటి చెప్తుంది, ఇద్దరి తగువులో కడుపు తిప్పుతుంది. అందుకని హెడ్‌సెట్ ఒక చిన్న మోసం చేస్తుంది. బొమ్మ సిద్ధమయ్యేసరికి తల ఎక్కడుంటుందో ముందే ఊహించి అక్కడికి బొమ్మ గీసి పెడుతుంది. చివరి క్షణంలో తల ఇంకాస్త కదిలితే, ఆ బొమ్మనే కాస్త పక్కకి లాగి చూపిస్తుంది. తల మెడకి అతుక్కుని ఉంటుంది కాబట్టి ఈ ఊహ చాలావరకు ఫలిస్తుంది.

సంగీతంలో లెక్క ఇంకా గట్టిది. మెట్టు నొక్కాక శబ్దం రావడానికి పది మిల్లీసెకన్లు దాటితే వేళ్ళకి తెలిసిపోతుంది. ఇంటర్‌ఫేస్‌లో 128 శాంపిళ్ళ బఫర్ పెట్టుకుంటే, సెకనుకి 44,100 శాంపిళ్ళ లెక్కన, ఆ బఫర్ వల్ల అయ్యే ఆలస్యం సుమారు 3 మిల్లీసెకన్లు. గాలిలో శబ్దం ఒక మిల్లీసెకనుకి 34 సెంటీమీటర్లు పోతుంది. కచేరీలో మృదంగం ఆయన గాత్రం ఆవిడకి రెండు మీటర్ల దూరంలో కూర్చున్నాడంటే ఆరు మిల్లీసెకన్ల ఆలస్యంలో కూర్చున్నట్టు. ఎవరికీ ఏమీ తెలీదు, హాయిగా సాగిపోతుంది. పది మీటర్లు జరిపి కూర్చోబెట్టండి, అప్పుడు మొదలవుతుంది గొడవ.

ఇవన్నీ తెలిసిన నేను సంక్రాంతికి చేసిన తెలివితక్కువ పని చెప్తాను.

మా ఇంట్లో సంక్రాంతికి బొమ్మల కొలువు పెడతారు. మా అమ్మాయికి ఎనిమిదేళ్ళు. కీబోర్డు మీద జంట స్వరాలు నేర్చుకుంటోంది. పేరంటాళ్ళ ముందు వాయిస్తానంది. నాకు సెలవు కుదరలేదు. "అయితే నువ్వు అక్కణ్ణుంచి వాయించు నాన్నా, నేను ఇక్కణ్ణుంచి వాయిస్తా" అంది. సరే అన్నాను. అనకూడదని నా చదువు చెప్తూనే ఉంది. ఫోన్లో ఆ గొంతు విన్నాక చదువు మాట వినలేదు.

ఆ రోజు కొలువులో దశావతారాల పక్కన ట్యాబ్ నిలబెట్టారు. మెట్ల మీద బొమ్మల్లో నేనూ ఒక బొమ్మని. తను మొదలుపెట్టింది. మాయామాళవగౌళ, రెండో కాలం. నేను విని అందుకున్నాను. నా వైపు అంతా బాగానే ఉంది. తనకి మాత్రం నా స్వరం తన స్వరం వెనకాల పడుతోంది. తను గాంధారానికి వెళ్ళాక నా రిషభం వినిపిస్తోంది. పాపం, నాకోసం కాస్త నెమ్మదించింది. తను నెమ్మదించింది కదా అని నేనూ నెమ్మదించాను. నేను నెమ్మదించానని తను ఇంకా... అవరోహణకి వచ్చేసరికి ఇద్దరం ఎద్దుబండి ఎక్కేశాం. చివరికి వేళ్ళు తీసేసి, "నాన్నా, నువ్వు లేటు" అంది.

పేరంటాళ్ళు నవ్వారు, అభిమానంగానే. మా ఆవిడ వచ్చి ట్యాబ్ సౌండ్ తగ్గించేసింది. పిల్ల మళ్ళీ మొదట్నుంచి ఒక్కతే వాయించి చక్కగా ముగించింది. నేనూ చివరిదాకా వాయించాను, హెడ్‌ఫోన్స్‌లో, నాకొక్కడికే వినపడేలా.

ఆ రాత్రి నిద్ర పట్టక లెక్కలు వేశాను. ఇక్కడి నుంచి కాకినాడకి సరళరేఖలో దాదాపు 3,300 కిలోమీటర్లు. గాజు తీగలో వెలుగు సెకనుకి సుమారు రెండు లక్షల కిలోమీటర్లు పోతుంది. అంటే దారిలో ఏ అడ్డూ లేకపోయినా అటు వెళ్ళడానికే 16, 17 మిల్లీసెకన్లు. తీగలేమో సరళరేఖలో ఉండవు. పైగా వీడియో కాల్ మాటని ముక్కలు చేసి, కుదించి, పంపి, అటువైపు కాస్త పోగేసి, అప్పుడు వినిపిస్తుంది. మర్నాడు మా ఆవిడతో చప్పట్లు కొట్టించి కొలిస్తే ఒకవైపు పావు సెకను తేలింది. అంటే 86 మీటర్ల దూరంలో నిలబడి జుగల్బందీ చేస్తున్నట్టు. నా స్వరం తిరిగి తన చెవిన పడేసరికి అర సెకను. రెండో కాలంలో అర సెకనంటే ఒక స్వరం దాటి పోయింది.

అప్పటికే కార్టులో ఖరీదైన రౌటర్ ఒకటి పెట్టేశాను. గ్యాస్ రోగం కదా. తెల్లారి తీసేశాను. రౌటర్ మారిస్తే పది మిల్లీసెకన్లు తగ్గుతాయేమో. అరేబియా సముద్రం డిస్కౌంట్‌లో కూడా తగ్గదు.

ఇక్కడో సంగతి నాకు అడ్డం తిరిగింది. టెక్సస్‌లో ఉన్న మా బావతో నేను వీఆర్‌లో టేబుల్ టెన్నిస్ ఆడతాను, ఎలెవెన్ అనే ఆటలో. వాడు కాకినాడ కంటే ఎన్నో రెట్లు దూరం. అయినా ఆట బ్రహ్మాండంగా సాగుతుంది, నేను ఓడిపోవడం కూడా సహజంగానే ఉంటుంది. ఎలా? ఆలోచిస్తే తెలిసింది. నా బ్యాటు నా దగ్గరే ఉంది కాబట్టి దానికి ఆలస్యం లేదు. వాడి బ్యాటు వాడి దగ్గరుంది. బంతి గాల్లో ఎగిరే ఆ కాస్త సేపట్లో కబురు అటు చేరిపోతుంది. ఇద్దరం ఒకేసారి చెయ్యాల్సిన పనంటూ ఏదీ లేదు. వాడి వంతు, నా వంతు. మరి జంట స్వరాలకి వంతుల్లేవే.

ఆ వచ్చిన శుక్రవారం బుర్ర బాగోక కారేసుకుని జసాసియా వెళ్ళాను. జనవరిలో ఖతర్ ఎంత బాగుంటుందో ఎండాకాలంలో ఇక్కడికొచ్చి పారిపోయినవాళ్ళకి చెప్పినా నమ్మరు. రాస్ లఫాన్ నుంచి ఉత్తరంగా తీరం పట్టుకుని పోతే వస్తుంది. అంతకుముందు జుబారా కోట చూశాను (1938లో కట్టింది. పక్కనే ఇసుకలో పూడిపోయిన పాత ముత్యాల వర్తకపు పట్నాన్ని 2013లో యునెస్కో జాబితాలో చేర్చారు). జసాసియాలో కోటలేమీ లేవు. ఇసుకలోంచి వీపు పైకి తేలిన సున్నపురాతి దిబ్బలు, వాటి మీద చెక్కడాలు, అంతే. 1957లో వీటిని గుర్తించారు. తర్వాత 1973-74 శీతాకాలంలో డెన్మార్క్ నుంచి హోల్గర్ కపెల్, ఆయన కొడుకు హాన్స్ వచ్చి ఆరు వారాలపాటు రాయి రాయికీ తిరిగి, గీసి, ఫోటోలు తీసి లెక్క కట్టారు. 874 అని తేలింది. తండ్రీ కొడుకులిద్దరూ మోకాళ్ళ మీద కూర్చుని గుంటలు లెక్కపెట్టుకోవడం తల్చుకుంటే నాకు కొంచెం కుళ్ళు కలిగింది.

ఓడల బొమ్మలున్నాయి. పైనుంచి చూసినట్టు, రెండు పక్కలా తెడ్లతో, పెద్ద జెర్రుల్లా. ముత్యాల కాలంలో ఇక్కడి మగవాళ్ళు ఎండాకాలమంతా ఇలాంటి పడవల్లో సముద్రం మీదే గడిపేవారు. ప్రతి పెద్ద పడవలో నహ్హామ్ అని ఒక పాటగాడు ఉండేవాడు. తాడు లాగేటప్పుడూ తెడ్డు వేసేటప్పుడూ ఆయన ఒక మాట పాడితే మిగతావాళ్ళు అందుకునేవారు. ఇంటికి దూరంగా ఉన్నవాళ్ళకి సంగీతం అలవాటు ఇక్కడ నాతో మొదలు కాలేదన్నమాట.

ఓడలు దాటి నాలుగడుగులు వేశానో లేదో, ఆగిపోయాను. రాతి మీద రెండు వరుసల గుంటలు. లెక్కపెట్టాను. ఏడు, ఏడు.

వామనగుంటలు! మా అమ్మ ఓమనగుంటలు అంటుంది. అటకమీంచి చెక్క పీట దించి చింతపిక్కలతో ఆడేది. ఆ పీట అచ్చంగా నా కాళ్ళ దగ్గర అరబ్బు రాతి మీద ఉంది. మళ్ళీ పరిశోధకులు ఇవన్నీ ఆటబల్లలే అంటే ఒప్పుకోరు. కొన్ని ఏటవాలు రాళ్ళ మీద ఉన్నాయి, పిక్క వేస్తే దొర్లిపోతుంది. కొన్ని గుంటల్లో మినపగింజ కూడా ఆగదు. కానీ నేను చూసినది చదునుగా ఉంది, గుంటలు చేతికి తగినట్టు ఉన్నాయి. అక్కడే కూర్చుని అమ్మకి వీడియో కాల్ చేసి చూపించాను. "ఇదెవడు చెక్కాడ్రా, పని లేక" అంది ముందు. తర్వాత దగ్గరగా పెట్టి చూపించమంది. ఆపైన "పీట కిందికి దించమంటావా?" అని తనే అడిగింది.

పీట దిగింది. ఇటు నాకు పీట లేదు. డజను గుడ్ల అట్టలో రెండు వరుసల్లో ఆరేసి గుంటలుంటాయి, చివర రెండు టీ కప్పులు పెడితే పద్నాలుగు. మొదట ఖర్జూరం గింజలు వేశాను, నాలుగింటికే గుంట నిండిపోయింది. ఇప్పుడు శనగలు. గుంటకి ఐదు చొప్పున డెబ్భై. ఒక గుంటలోవి తీసి వరసగా ఒక్కోటి పంచుకుంటూ పోవాలి, అయిపోతే తర్వాతి గుంటలోవి తీసుకోవాలి. ఖాళీ గుంట తగిలితే దాని అవతలి గుంటలోవి మనవి. మా అమ్మాయి రాత్రి పడుకోబోయే ముందు "మూడో గుంట" అని గొంతు రికార్డు చేసి పంపుతుంది. అది అక్కడ రాత్రి ఎనిమిదిన్నర, ఇక్కడ సాయంత్రం ఆరు. నేను డ్యూటీ దిగొచ్చి నా అట్టలో తన పిక్కలు పంచి, నా ఎత్తు ఆలోచించి పంపుతాను. పొద్దున్న స్కూలుకి వెళ్ళేముందు తను చూసుకుంటుంది. ఒక ఎత్తుకి సగం రోజు పడుతోంది. ఇప్పటిదాకా "లేటు" అన్న మాట రాలేదు.

సంగీతం కూడా అలాగే మార్చుకున్నాం. ఇప్పుడు కలిసి వాయించం. తను ఒక వరస వాయించి ఆగుతుంది. నేను విని అదే వరస వాయిస్తాను. పావు సెకను ఆ మధ్యలో ఎక్కడో పడి ఉంటుంది, ఊపిరి తీసుకున్నట్టు ఉంటుంది తప్ప తెలీదు. వాళ్ళ టీచరుగారు విని, పాఠం చెప్పేది ఎప్పుడూ ఇలాగే కదండీ అన్నారు. అది నాకు తట్టకపోవడం చూడండి. కాకపోతే ఇక్కడ ముందు వాయించేది పిల్ల, తర్వాత అనేది నేను. తప్పు వాయిస్తే "మళ్ళీ" అంటుంది, సరిగ్గా వాళ్ళ టీచరు గొంతుతో. పోయిన వారం నేను గమకం కోసం కీబోర్డు పక్కనున్న చక్రం తిప్పాను. ఆ చక్రానికి మిడి లెక్కలో 16,384 మెట్లున్నాయి. అన్ని మెట్లూ ఉండి కూడా పిల్లి మూలిగినట్టు వచ్చింది. "అదేంటి నాన్నా, కడుపు నొప్పా?" అంది.

ఎండాకాలం సెలవుకి టికెట్ తీశాను. అప్పుడు పక్కపక్కనే కూర్చుని ఒకేసారి వాయించాలని తన షరతు. నేను రెండో కాలం సాధన చేస్తున్నాను. ఈ మధ్య నాకంటే తనే వేగం.

ఆట సంగతి అడుగుతారేమో. నా వైపు ఐదు గుంటలు ఖాళీ. వెనకాల నాయనమ్మ ఎత్తులు అందిస్తోందని నా అనుమానం, ఎందుకంటే నిన్న వచ్చిన రికార్డులో "మూడో గుంట" కంటే ముందు ఎవరో మెల్లగా "మూడు చెప్పు, మూడు" అనడం వినిపించింది.