పెల్లెట్ల గిరాకీ: చలి లెక్క, సంచుల లెక్క

యూరప్‌లో ఇళ్ళను వెచ్చబెట్టడానికి వాడే కలప పెల్లెట్ల వ్యాపారం చలిని బట్టి నడుస్తుంది. ఒక్కొక్క ఇంటికి సీజనుకు ఎన్ని సంచులు కావాలి, అందులో ఇంటివారు ఎన్ని సంచులు మిగుల్చుకోగలరు అన్న రెండు లెక్కలు చేతిలో లేకుండా, ధర ఒక్కటే చూసి సరుకు నిల్వ కట్టడం ఎంత ప్రమాదమో 2022-23 సీజను తేల్చి చెప్పింది.

సరుకు స్వభావం

కోత మిల్లుల్లో మిగిలే రంపపు పొట్టును ఆరబెట్టి, అధిక ఒత్తిడితో అచ్చు రంధ్రాల గుండా నొక్కితే పెల్లెట్లు తయారవుతాయి. ఇళ్ళలో వాడే రకం ఎక్కువగా 6 మిల్లీమీటర్ల లావుంటుంది. 'ఎన్-ప్లస్ ఏ-1' ముద్ర గల సరుకును మేలురకంగా ఎంచుతారు. ఈ రకంలో తేమ 10 శాతం, బూడిద 0.7 శాతం మించరాదు. కిలోకు కనీసం 4.6 యూనిట్ల వేడి రావాలి. యూనిట్ అంటే మన కరెంటు బిల్లులో ఉండే కిలోవాట్-గంటే. మంచి సరుకు కిలోకు 4.8 యూనిట్ల వరకు ఇస్తుంది.

పొయ్యిలు గల ఇళ్ళు 15 కిలోల సంచులు కొంటాయి. బాయిలర్లు గల ఇళ్ళకు విడి సరుకు ట్యాంకరు లారీలలో చేరుతుంది. సంచి సరుకుకు ఇటలీ పెద్ద మార్కెట్టు. అక్కడి వాడకంలో అధిక భాగం దిగుమతే.

వాడకం అంచనా

చలిని లెక్కించడానికి 'డిగ్రీ-దినాలు' అనే కొలత ఉంది. ఇటలీలో ఇంటి లోపల 20 డిగ్రీలు ప్రమాణం. బయట సగటు 5 డిగ్రీలున్న రోజు 15 డిగ్రీ-దినాలు లెక్కకు వస్తాయి. ఇలా సీజను మొత్తం కూడితే ఆ ఊరి చలి ఎంతో తెలుస్తుంది. ప్రభుత్వ పట్టికలో మిలాన్ నగరానికి 2,404, రోముకు 1,415, పలెర్మోకు 751 డిగ్రీ-దినాలు ఉన్నాయి. అంటే ఒకే రకం ఇల్లు పలెర్మోలో ఒక సంచి కాలిస్తే మిలాన్‌లో మూడు సంచుల పైన కాలుస్తుంది.

ఉదాహరణకు మిలాన్ ప్రాంతంలో డిగ్రీ-దినానికి 5 యూనిట్ల వేడి కావలసిన ఇల్లు తీసుకోవచ్చు. సీజనుకు దాదాపు 12,000 యూనిట్లు కావాలి. పెల్లెట్ల వేడి అంతా గదిలోకి రాదు, కొంత పొగగొట్టం వెంట పోతుంది. పొయ్యి సామర్థ్యం 85 శాతం అనుకుంటే కిలోకు చేతికందేది 4 యూనిట్లు. కనుక ఆ ఇంటికి 3,000 కిలోలు, అనగా 200 సంచులు అవసరం. బయట 5 డిగ్రీలున్న రోజున 75 యూనిట్లకు సుమారు 19 కిలోలు, అంటే సంచింపావు ఖర్చవుతుంది.

కొత్తగా పొయ్యి పెట్టుకున్నవారికి ఇంతకంటె సులువైన మార్గం ఉంది. నెల రోజులు కాల్చిన సంచులను లెక్కపెట్టి, ఆ నెల డిగ్రీ-దినాలతో భాగిస్తే తమ ఇంటి వాడకం రేటు తేలుతుంది. మిగిలిన సీజనుకు ఆ రేటునే హెచ్చవేసుకోవచ్చు.

పొదుపు ఎక్కడ?

గది ఉష్ణోగ్రత 20 నుంచి 19 డిగ్రీలకు తగ్గిస్తే రోజుకు ఒక డిగ్రీ-దినం తగ్గుతుంది. మిలాన్‌లో పొయ్యిల కాలం అక్టోబరు 15 నుంచి ఏప్రిల్ 15 వరకు, అంటే 183 రోజులు. మొత్తం మీద ఏడున్నర శాతం, అంటే 15 సంచులు మిగులుతాయి. దీనికి పైసా ఖర్చు లేదు.

రెండవది పొయ్యి శుభ్రత. మంట గిన్నెలో బూడిద పేరుకుంటే గాలి రంధ్రాలు పూడుకుంటాయి. తలుపు అంచున ఉండే తాడు సీలు అరిగితే అక్కరలేని గాలి లోపలికి లాగుతుంది. సామర్థ్యం 80 శాతం ఉన్న పొయ్యికీ, 90 శాతం ఉన్న దానికీ మధ్య తేడా పై ఇంటి లెక్కలో 23 సంచులు.

మూడవది సరుకు నాణ్యత. కిలోకు 4.8 బదులు 4.6 యూనిట్లు ఇచ్చే సరుకు కొంటే 8 సంచులకు పైగా అదనంగా కాల్చాలి. సంచి ధరలో 4 శాతం తేడా లేకపోతే చౌకరకం గిట్టదు. తేమ తగిలిన పెల్లెట్లు ఉబ్బి పొడి అవుతాయి. కనుక నేల మీద గాక చెక్కలపై నిల్వ ఉంచాలి.

అన్నిటికన్నా పెద్దది ఇంటి మరమ్మతు. అటక మీద వేడిని ఆపే పొరలు పరచి, కిటికీ సందులు మూసి, వాడకం రేటును 5 నుంచి 4 యూనిట్లకు దించితే 200 సంచులు 160 అవుతాయి. ఉష్ణోగ్రత తగ్గించినవారు మరుసటి ఏడు మళ్ళీ పెంచవచ్చు. అటక సరిచేసినవారి 40 సంచుల గిరాకీ మాత్రం మార్కెట్టుకు తిరిగి రాదు.

2022 పాఠం

ఉక్రెయిన్ యుద్ధం దరిమిలా 2022లో యూరోపియన్ యూనియన్ రష్యా, బెలారస్ కలప సరుకులను నిషేధించింది. గ్యాసు ధరలు మండిపోవడంతో పెల్లెట్ల వైపు ఒత్తిడి పెరిగింది. జర్మనీలో 2021 వేసవిలో టన్ను 250 యూరోల లోపే ఉన్న ధర 2022 సెప్టెంబరులో 700 యూరోలు దాటింది. ఇటలీలో 5 యూరోల చుట్టుపక్కల ఉండిన సంచి 10 యూరోలు మించింది. 200 సంచుల ఇంటికి ఖర్చు 1,000 నుంచి 2,000 యూరోలకు ఎగబాకింది. ఆ స్థితిలో పొదుపు ప్రతి ఇంటి పని అయింది.

అదే ఏడాది చలి కూడా మందగించింది. 2023 జనవరి 1న యూరప్‌లో పలుచోట్ల ఆ నెలకు రికార్డు వెచ్చదనం నమోదయింది. 2023 వేసవి నాటికి జర్మనీ ధర 400 యూరోల లోపునకు దిగింది. అధిక ధరకు నిల్వ కట్టినవారికి ఏమి మిగిలిందో వేరే చెప్పనక్కరలేదు.

పై లెక్కనే తీసుకుంటే, డిగ్రీ-దినాలు 10 శాతం తగ్గి, ఇంటివారు ఒక డిగ్రీ తగ్గించుకున్నా 200 సంచులు 165కు పడిపోతాయి. పదివేల ఇళ్ళ మీద ఇది 3.5 లక్షల సంచులు, అంటే 5,250 టన్నులు. వ్యాపారికి ఇది అమ్ముడుపోని సరుకు.

మన దేశంలో పెల్లెట్ల గిరాకీ వేరు. ఇక్కడి కొనుగోలుదారులు ముఖ్యంగా బొగ్గు విద్యుత్ కేంద్రాలు. బొగ్గులో 5 శాతం పెల్లెట్లు కలిపి మండించే విధానాన్ని కేంద్ర విద్యుత్ మంత్రిత్వ శాఖ 2021 అక్టోబరులో ప్రకటించింది. ఆ సరుకు ఎక్కువగా పంట వ్యర్థాలది. కొనుగోళ్ళు టెండర్ల మీద నడుస్తాయి గాని చలి మీద కాదు. ఇళ్ళ మార్కెట్టుకు సరుకు పంపదలచినవారు ఈ తేడా గుర్తుంచుకోవాలి.

యూరప్‌లో వసంతం, వేసవి నెలలలో ధర సాధారణంగా మెత్తగా ఉండి, శరదృతువులో పుంజుకుంటుంది. వేసవిలో కొన్నవారు అక్టోబరు, నవంబరు డిగ్రీ-దినాలను గత ఏటి అంకెలతో పోల్చి చూడాలి. అవి తగ్గుతుంటే ఇళ్ళలో సంచులు మిగులుతున్నట్లే. జనవరి దాటాక మిగిలిన నిల్వకు వసంతకాలపు ధర ఎదురవుతుంది కనుక, దానిని డిసెంబరులోనే వదిలించుకోవడం మేలు.