వాగు పొంటి పైపు వేసే ముందు జల్లెడ పట్టాలె

మురుగు పైపు వేసుడంటే మనకు జేసీబీ, దుమ్ము, కాంట్రాక్టరే యాదికొస్తరు. అమెరికాల వాగు పొంటి డ్రైనేజీ లైన్ వెయ్యాలంటే మాత్రం చానాసార్లు జేసీబీ కంటే ముందు పార, జల్లెడ పట్టుకొని ఆర్కియాలజీ టీం దిగుతది. మోరీకీ చరిత్రకూ ఏం సంబంధం?

సంబంధం పల్లంల ఉన్నది. మురుగు వాలుకు పారుతది. ఊరికి పల్లం వాగే కాబట్టి పెద్ద లైన్లు దాని పొంటే పోతయి. వేల ఏండ్ల కింద మనుషులు ఉండనీకె ఎంచుకున్నది గూడ గా జాగనే. తాగనీకె నీళ్లు, చాపలు, వేటకు జంతువులు, పక్కనే వరదకు మునగని మిట్ట. అంటే ఇంజినీరు గీసిన గీత పాతకాలపోళ్ల వాకిట్లకెళ్లి పోతదన్నట్టు.

గందుకే అక్కడ 1966ల చట్టం తెచ్చిన్రు. దాని 106వ సెక్షన్ ప్రకారం ఫెడరల్ సర్కారు పైసలిచ్చినా, పర్మిషన్ ఇచ్చినా, ఆ పనితోని పాత ఆనవాళ్లకు ఏమైతదో ముందుగాల చూడాలె. ఆదివాసీ తెగలను గూడ అడగాలె.

మొదలు పాత మ్యాపులు, రికార్డులు తిరగేస్తరు. తర్వాత లైన్ పొంటి నడుస్తరు. గడ్డి కమ్మి మన్ను కనవడకుంటే వరుసగ చిన్న గుంతలు తవ్వి, మన్నును జల్లెడ పడుతరు. దొరికేది బంగారం కాదు. రాతి పనిముట్లు చెక్కంగ రాలిన పెచ్చులు, కాలిన రాళ్లు, కుండ పెంకులు, బొగ్గు. ఎవరు, ఎప్పుడు, ఏం తిని బతికిన్రో చెప్పేవి గవే. ముఖ్యమైన జాగ అని తేలితే లైన్ పక్కకు జరుపుతరు, లేకుంటే దాని కిందికెళ్లి బోరింగ్ జేస్తరు. రెండూ కాకుంటే పద్ధతిగ తవ్వి, అన్నీ రాసి పెడుతరు.

అయితే వాగు ఒడ్డు మోసం జేస్తది. వరదొచ్చినప్పుడల్లా ఒండ్రు పేరుకుంటది. పాత నేల లోతుకు పోతది, పార గుంత అందదు. పైపు మాత్రం అందుకుంటది. అందుకే అసొంటి కాడ లోతు కందకాలు గూడ తవ్వి చూడాలె.

మనోళ్లు మస్తుమంది ఉండే సియాటిల్ల 1992ల వెస్ట్ పాయింట్ మురుగు శుద్ధి ప్లాంటును పెంచుతుంటే, 4 వేల ఏండ్ల కిందటి మనుషులు తిని పారేసిన ఆల్చిప్పల కుప్పలు బయటపడ్డయి. అదే రాష్ట్రంల పోర్ట్ ఏంజలస్ కాడ ఇంకో కథ. వంతెన భాగాలు తయారుచేసే యార్డు కోసం ముందు సర్వే జేస్తే ఏం దొరకలే. 2003ల తవ్వుడు షురూ చేసినంక క్లాలం తెగ పాత ఊరు, 300కు పైగ సమాధులు బయటపడ్డయి. 2004 డిసెంబర్ల పని బందు పెట్టిన్రు. కోట్ల డాలర్లు మన్నుల కలిసినయి. అంతకన్నా పెద్ద దెబ్బ, తమ పెద్దల ఎముకలు యంత్రాల కింద చూసినోళ్లకు తగిలింది. సర్వే పేరుకు జేస్తే చాలదు, లోతుగ జెయ్యాలె.

మరి మన దగ్గర? 2010 సవరణ రక్షిత కట్టడం చుట్టూ 100 మీటర్లు నిషేధం, ఆపై 200 మీటర్లు ఆంక్షలు పెట్టింది. కానీ అది ముందే గుర్తించిన కట్టడాలకే. మన్నుల దాగినదానికి 1878 నాటి నిధుల చట్టం ఉన్నది; దొరికితే కలెక్టరుకు చెప్పాలంటది. అంటే జేసీబీ పన్ను దిగినంక మాట. తెలంగాణల వాగు ఒడ్లు, రాకాసి గుళ్లు ఉన్న మిట్టలు ఎన్నో. పైపు వద్దని ఎవరంటరు? అది ఆరోగ్యం. టెండర్ల కాగితంల జల్లెడకు గూడ ఒక లైన్ రాయమనే అడిగేది. పగిలిన పైపును మార్చొచ్చు, పగిలిన పాత నేలను మళ్ల అతికెటోడు లేడు.