అమ్మమ్మ షుగరు, కనపడని ఎక్స్

మొన్న సెలవుల్లో నేనొక తప్పు చేశాను. అమ్మమ్మ ఇన్సులిన్ వేసుకుని రాత్రి భోంచేసింది. గంట తర్వాత మీటర్‌లో షుగరు 290 ఉంది. "ఇంకొంచెం వేసుకో అమ్మమ్మా, తగ్గిపోతుంది" అన్నాను. అర్ధరాత్రి ఒళ్ళంతా చెమటలు, వణుకు. చూస్తే 52! అమ్మ గ్లూకోజ్ నీళ్ళు తాగించాక తేరుకుంది.

ఎందుకలా అయిందో హాస్టల్‌కొచ్చాక మా ఈసీఈ రూమ్మేట్ కంట్రోల్ సిస్టమ్స్ పుస్తకంలో దొరికింది. మన బాత్రూమ్ సంగతే తీసుకోండి. నీళ్ళు చల్లగా వస్తున్నాయని గీజర్ ట్యాప్ ఇంకా తిప్పుతాం. కాసేపటికి ఒళ్ళు కాలుతుంది. తప్పు ట్యాప్‌ది కాదు, పైపులో జరిగే ఆలస్యాన్ని మనం లెక్కలో వేసుకోలేదు.

ఆరోగ్యంగా ఉన్నవాళ్ళలో పాంక్రియాస్ షుగరు పెరగగానే ఇన్సులిన్‌ని నేరుగా రక్తంలోకి వదులుతుంది, తగ్గగానే తగ్గిస్తుంది. ఇంజెక్షన్ అలా కాదు. చర్మం కింద నుంచి మెల్లగా రక్తంలోకి చేరుతుంది. ఒకసారి వేశాక వెనక్కి తీసుకోలేం.

రక్తంలో చేరాక కూడా ఇంకో ఆలస్యం ఉంది. రిచర్డ్ బెర్గ్‌మన్, క్లాడియో కోబెల్లి తదితరులు 1979లో ఇచ్చిన 'మినిమల్ మోడల్' దాన్ని పట్టుకుంది. అందులో గ్లూకోజ్‌కి ఒక సమీకరణం, ఎక్స్‌కి ఇంకొకటి. రక్తంలోని ఇన్సులిన్ నేరుగా గ్లూకోజ్‌ని తగ్గించదు. ముందు ఎక్స్‌ని పెంచుతుంది, ఎక్స్ గ్లూకోజ్‌ని తగ్గిస్తుంది. ఎక్స్ అంటే కణాల దగ్గర ఇన్సులిన్ చూపించే ప్రభావం. అది మెల్లగా పెరిగి మెల్లగా తగ్గుతుంది. మీటర్‌లో కనపడదు, లెక్క కట్టాల్సిందే.

ఈ రెండు సమీకరణాలకి ఇంజెక్షన్ ఆలస్యాన్ని కూడా కలిపి పైథాన్‌లో రాశాను. ఒక్క డోసుతో గ్రాఫ్ పైకెళ్ళి దానంతటదే దిగింది. గంటకి రెండో డోసు ఇస్తే మొదట ఏ తేడా లేదు. తర్వాత రెండూ కలిసి గ్రాఫ్‌ని 70 కిందకి లాగేశాయి. ఆ రాత్రి జరిగింది ఇదే.

ఇలాంటి మోడళ్ళు కాలేజీ ప్రాజెక్టులకే కాదు. ఆటోమేటిక్ ఇన్సులిన్ పంపుల అల్గారిథమ్‌లని జంతువులకి బదులు వర్జీనియా–పాదువా సిమ్యులేటర్ మీద పరీక్షించడానికి 2008లో అమెరికా ఎఫ్‌డీఏ ఒప్పుకుంది. ఇప్పటి పంపులు కూడా ఒంట్లో ఇంకా పనిచేయాల్సిన ఇన్సులిన్ ఎంతుందో లెక్కేసుకున్నాకే కొత్త డోసు ఇస్తాయి.

డోసు సంగతి డాక్టర్‌కి వదిలేశాను. ఇప్పుడు ఫోన్‌లో "ఎంతుంది?" అని మాత్రమే అడగను. "ఎప్పుడు వేసుకున్నావ్ అమ్మమ్మా?" అని కూడా అడుగుతాను.