సకురజిమ

జపాను దేశపు దక్షిణభాగమున, క్యూషూ ద్వీపములో కగోషిమ యను నగరము కలదు. నగరమునకెదురుగా, అఖాతము నడుమ, సకురజిమ అగ్నిపర్వతము 1,117 మీటర్ల ఎత్తున నిలిచియున్నది. పడవపై పదునైదు నిమిషముల ప్రయాణము. ఇది చల్లారిన కొండ కాదు. నేటికిని తరచుగా బూడిదను క్రక్కుచుండును. అయినను దాని పాదమున జనులు కాపురముండుట మానలేదు.

అచట వాతావరణ సూచనలతోపాటు కొండమీది గాలి ఏ దిక్కునకు వీచునో కూడ తెలుపుదురు. అది విన్న పిమ్మటనే బట్టలు ఆరవేయుదురు. ముంగిట పడిన బూడిదను ఎత్తుటకు నగరపాలకులు పసుపుపచ్చని సంచులు పంచుదురు. దీవిలోని పిల్లలు శిరస్త్రాణములు ధరించి బడికి పోవుదురు. సమాధులకు సైతము కప్పులు వేయుదురు. పితరులపై బూడిద పడనీయరాదు గదా!

ఈ సీమలోని బూడిదనేల నీటిని నిలుపదు. వరికి అనువు కాదు. 18వ శతాబ్ది ఆరంభమున ర్యూక్యూ దీవులనుండి వచ్చిన చిలగడదుంప ఇచటివారిని కరవులలో కాపాడినది. ఈ ప్రాంతపు పూర్వనామము సత్సుమ. జపానీయులు ఆ దుంపను నేటికిని ‘సత్సుమ దుంప’ అనియే పిలుతురు. సకురజిమ ముల్లంగి మిక్కిలి పెద్దది. 2003లో తూచినదొకటి 31 కిలోలు తూగినది. అదే నేలలో కాయు నారింజ మాత్రము ఇంచుమించు నిమ్మకాయంతయే!

1914 జనవరిలో దీవి పలుమార్లు కంపించెను. తీరమున వేడినీరు ఉబికెను. గ్రామాధికారి కలతపడి వాతావరణ కేంద్రమువారిని మరల మరల విచారింపగా, కొండ బ్రద్దలు కాదని వారు చెప్పిరి. పూర్వుల మాట నమ్మిన పలువురు ముందే దీవిని విడిచిరి. కేంద్రము మాట నమ్మినవారు ఆగిరి. 12వ తేదీన కొండ బ్రద్దలయ్యెను. చిక్కుకొనినవారు చలికాలపు సముద్రములో దుమికిరి. కొందరు మునిగి మరణించిరి. కరిగిన రాయి ప్రవహించి, 400 మీటర్ల వెడల్పుగల జలసంధిని పూడ్చి, దీవిని ప్రధానభూమితో కలిపివేసెను. నాటినుండి అది దీవి కాకపోయినను, పేరులోని ‘జిమ’, అనగా దీవి యను మాట, అట్లే నిలిచినది. కురొకమి గ్రామమున మూడు మీటర్ల ఆలయద్వారము బూడిదలో కూరుకుపోయి, నేడు మీదిభాగము ఒక మీటరు మాత్రమే కనబడును. దానిని త్రవ్వి తీయబోగా, రాబోవు తరములు చూడవలెనని నాటి గ్రామాధికారి వారించెను.

1924లో గ్రామస్థులు బడి ఆవరణలో ఒక శిలాశాసనము నిలిపిరి. శాస్త్రజ్ఞుల మాటకై వేచియుండక, కీడు సూచనలు కనబడినంతనే దీవి విడువవలెననియు, అట్టి దినమునకై పొదుపుతో సిద్ధముగా నుండవలెననియు దాని సారాంశము. శాస్త్రజ్ఞులును దానిని తేలికగా త్రోసివేయలేదు. ఇప్పుడు కొండ ఏపాటి ఉబ్బుచున్నదో సున్నితమైన పరికరములతో కొలుచుచున్నారు. ఏటా దీవివాసులు ఇండ్లు విడిచి రేవునకు చేరుట అభ్యాసము చేయుదురు.