వెనక కమాన్లకి ఇంకో పట్టీ వేయించే ముందు ఇవి చూసుకోండి

బోయిన్‌పల్లి మార్కెట్‌కి కూరగాయలు తెచ్చే పికప్‌లు, పెళ్లిళ్ల సీజన్‌లో జనరేటర్ ట్రాలీ లాక్కెళ్లే బండ్లు, వీటి ఓనర్లు ఎక్కువగా అడిగే మాట ఒకటే. "అన్నా, లోడేస్తే వెనక కూర్చుండిపోతోంది, ఇంకో పట్టీ వేయిస్తే సరిపోతుందా?" మన సికింద్రాబాద్ రాణిగంజ్‌లో పట్టీ దొరకడం పెద్ద పని కాదు. అసలు అది అవసరమా అన్నదే ఇవాళ చూద్దాం.

ముందు ఖాళీ బండిని సమంగా ఉన్న నేల మీద ఆపండి. వెనక యాక్సిల్‌కీ, దాని పైన ఛాసిస్‌కి ఉన్న రబ్బరు స్టాపర్‌కీ మధ్య ఎంత గ్యాప్ ఉందో రెండు వైపులా టేపుతో కొలవండి. ఖాళీ బండే కిందికి దిగినా, ఒక పక్కకి ఒరిగినా పట్టీ విరిగిందేమో, సెంటర్ బోల్టు తెగిందేమో, బుష్‌లు అరిగాయేమో, కమాన్ల వంపు పోయిందేమో చూడండి. అలాంటప్పుడు పాత సెట్టు మీద కొత్త పట్టీ వేయడం కాదు, రెండు వైపులా పాడైనవి మార్చాలి.

ఖాళీగా బాగానే ఉండి, లోడుకే దిగుతోందనుకోండి. రెండు దారులున్నాయి. ఒకటి, మామూలు పట్టీ కలపడం. ఇది ఖాళీగా ఉన్నప్పుడు కూడా పనిచేస్తుంది కాబట్టి బండి ఎప్పుడూ కుదుపుతుంది. మందం విషయంలో జాగ్రత్త. 8 మిల్లీమీటర్ల పట్టీ బదులు 10 వేస్తే గట్టిదనం ఇంచుమించు రెట్టింపు అవుతుంది. రెండోది హెల్పర్ పట్టీ. లోడు పడి బండి కొంత దిగాకే ఇది తగులుతుంది. రోజూ ఖాళీగా తిరిగొచ్చే బండికి ఇదే మేలు. ఇంకో మాట, మామూలు షాక్ అబ్జార్బర్ బరువు మోయదు, ఊపుని మాత్రమే ఆపుతుంది.

ట్రాలీ లాగేవాళ్లకి లెక్క వేరే. హుక్కు మీద పడే బరువు వెనక యాక్సిల్‌కి ఇంకా వెనక పడుతుంది. చక్రాల మధ్య దూరం 2.5 మీటర్లు, హుక్కు యాక్సిల్‌కి 1 మీటరు వెనక ఉందనుకుందాం. హుక్కు మీద 100 కిలోలు పడితే వెనక యాక్సిల్‌కి 140 కిలోలు పెరుగుతాయి, ముందు యాక్సిల్‌కి 40 తగ్గుతాయి. అందుకే స్టీరింగ్ తేలిగ్గా అనిపిస్తుంది. పట్టీ వేస్తే వెనక ఎత్తు పెరుగుతుంది గానీ, ఆ 40 కిలోలు ముందుకి తిరిగి రావు. బండిలో సామాను ముందుకి జరపాలి, ట్రాలీలో బరువు సరిగ్గా సర్దాలి.

ఇప్పుడు అసలు ప్రమాదం. చాలా పికప్‌లలో వెనక యాక్సిల్‌కీ ఛాసిస్‌కీ మధ్య లోడ్ సెన్సింగ్ వాల్వ్ ఉంటుంది. బండి ఎంత దిగిందో చూసి, వెనక బ్రేకులకి ఎంత ప్రెషర్ ఇవ్వాలో అది నిర్ణయిస్తుంది. మీరు గట్టి పట్టీ వేశారు, నిండా లోడు ఉన్నా బండి దిగలేదు. వాల్వ్ ఏమనుకుంటుంది? బండి ఖాళీ అనుకుంటుంది! వెనక బ్రేకు తగ్గిస్తుంది. ఫ్లైఓవర్ దిగేటప్పుడు బండి ఆగాల్సిన చోట ఆగదు. అందుకని కమాన్ల పని చేయించిన ప్రతిసారీ ఆ వాల్వ్‌ని కంపెనీ చెప్పిన పద్ధతిలో సెట్ చేయించండి. అలా సెట్ చేయడం కుదరదంటే ఆ పట్టీ వద్దు.

చివరిగా, పట్టీ వేసినంత మాత్రాన ఆర్‌సీలో రాసిన మొత్తం బరువు పెరగదు. టైర్లు, యాక్సిల్, బ్రేకులు అవే కదా! 2019 సవరణ తర్వాత ఓవర్‌లోడ్‌కి జరిమానా 20,000 రూపాయలు, పైన ప్రతి అదనపు టన్నుకి 2,000. లోడుతో ఒకసారి వేబ్రిడ్జి ఎక్కించండి, సగం సందేహాలు అక్కడే తీరిపోతాయి. పని అయ్యాక కొన్ని రోజులు తిప్పి యూ-క్లాంపులు మళ్లీ బిగించుకోండి, హెడ్‌లైట్ల ఎత్తు కూడా చూసుకోండి.