చాయ్ తాగితే చదువొస్తుందా?

పరీక్షలొచ్చాయంటే వరంగల్ హాస్టళ్లలో అర్ధరాత్రి దాటినా లైట్లు ఆరవు. అటు నిట్, ఇటు కాకతీయ మెడికల్ కాలేజీ... రెండూ 1959లో మొదలైనవే. అప్పటి నుంచీ ఎన్ని బ్యాచ్‌లు చాయ్‌ని నమ్ముకుని గట్టెక్కాయో! మరి ఆ చాయ్ నిజంగా బుర్రకు పదును పెడుతుందా?

మెలకువగా ఉన్నంతసేపూ మెదడులో అడినోసిన్ అనే రసాయనం పేరుకుంటుంది. అది తన చోట్లో కుదురుకుంటే నిద్ర ముంచుకొస్తుంది. టీ, కాఫీల్లోని కెఫీన్ ముందే వెళ్లి ఆ చోటును ఆక్రమిస్తుంది. కాజీపేట జంక్షన్‌లో జనరల్ బోగీలోకి కర్చీఫ్ విసిరి సీటు ఆపుకున్నట్టన్నమాట! అడినోసిన్ ఎక్కడికీ పోదు, నిలబడే ఉంటుంది. కెఫీన్ దిగగానే కూర్చుంటుంది.

అందుకే కునుకు ఆగుతుంది, చూపు పుస్తకం మీద నిలుస్తుంది. అంతవరకూ నిజమే. అర్థంకాని లెక్కను అర్థమయ్యేలా చేయడం మాత్రం దాని వల్ల కాదు. రోజూ తాగేవాళ్లకు పొద్దున్నే వచ్చే హుషారులో కొంత, రాత్రంతా కెఫీన్ అందక వచ్చిన మందకొడితనం వదలడమే.

చాయ్‌తో ఆగితే ఫర్వాలేదు. ‘స్మార్ట్ డ్రగ్స్’ పేరుతో మిథైల్‌ఫెనిడేట్, మోడాఫినిల్ బిళ్లలు మింగేవాళ్లూ ప్రపంచమంతటా ఉన్నారు. మొదటిది ఏడీహెచ్‌డీకి, రెండోది పగలు ఆపుకోలేని నిద్ర వచ్చే జబ్బుకు డాక్టర్లు రాసే మందులు. జబ్బులేని వాళ్లు వేసుకుంటే? 2023లో వెలువడిన మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయ పరిశోధకుల అధ్యయనం ఇదే తేల్చింది. 40 మంది ఆరోగ్యవంతులకు ఓసారి ఉత్తుత్తి బిళ్ల, మిగతాసార్లు అసలు మందులు ఇచ్చి, ఒక చిక్కుముడి విప్పమన్నారు: బరువు మించకుండా సంచిలో అత్యంత విలువైన వస్తువులు సర్దాలి. మందు వేసుకున్నప్పుడు ఎక్కువసేపు కష్టపడ్డారు, వస్తువులు మార్చి మార్చి సర్దారు. ఫలితం మాత్రం తగ్గింది. మందు లేకుండా బాగా చేసినవాళ్లే ఎక్కువ వెనకబడ్డారు! పైగా ఈ బిళ్లలతో గుండెదడ, ఆందోళన, నిద్రలేమి రావచ్చు. మన దేశంలో మిథైల్‌ఫెనిడేట్ ఎన్‌డీపీఎస్ చట్టం పరిధిలోని మందు. మిత్రుడి జేబులోంచి తీసి పంచుకునే చాక్లెట్ కాదు.

ఇక నిద్ర సంగతి. చదివింది మెదడులో స్థిరపడటానికి నిద్ర కావాలి. 2013 నాటి ఓ అమెరికా అధ్యయనంలో, పడుకునే ఆరు గంటల ముందు 400 మిల్లీగ్రాముల కెఫీన్ తీసుకున్నా నిద్ర గంటకు పైగా తగ్గింది. ఒంట్లో చేరిన కెఫీన్‌లో సగం పోవడానికే సుమారు ఐదు గంటలు పడుతుంది. రాత్రి పదింటికి అమ్మ ప్రేమగా ఇచ్చిన కప్పులో సగం, తెల్లవారుజామున మూడింటికీ పిల్లాడి ఒంట్లోనే ఉంటుంది.