ఋతుస్రావం - క్రీడా దుస్తులు

ఋతుస్రావ సమయంలో మరకలు కనబడునన్న భయం క్రీడాకారిణులకు కలుగకుండా దుస్తుల రంగును, వస్త్రాన్ని మార్చడం ఇటీవల మొదలైనది. తెల్లని దుస్తులే ధరించాలన్న నియమం గల వింబుల్డన్ టెన్నిస్‌లో ఈ ఇబ్బంది అధికం. హైదరాబాదుకు చెందిన సానియా మీర్జా 2015లో మార్టినా హింగిస్‌తో కలిసి అక్కడ మహిళల డబుల్స్ గెలిచినది ఆ నియమం క్రిందనే. 2022 నవంబరులో నిర్వాహకులు నియమాన్ని సడలించి, 2023 పోటీల నుండి ముదురు రంగు లోనిక్కరును అనుమతించారు. అయితే అది స్కర్టు కంటే పొడవుగా ఉండరాదు. సానియా అప్పటికే, 2023 ఫిబ్రవరిలో, ఆట నుండి విరమించింది.

అదే సంవత్సరం ఇంగ్లాండు మహిళా ఫుట్‌బాల్ జట్టు తెల్లని నిక్కర్లకు బదులు నీలిరంగువి ఎంచుకొన్నది. మెదక్ వంటి పట్టణాల పాఠశాలలకు సైతం ఇది సులభమైన మార్పే. ఐతే రంగు మరకను దాచును గాని తడిని ఆపదు. అందుకు పొరలుగా కుట్టిన లోదుస్తులు ఉన్నవి: లోపలి పొర తేమను లాగును, మధ్య పొర పీల్చుకొనును, వెలుపలి పొర బయటకు రానీయదు.